పాత మూలికా గ్రంథాల్లో ముందు ఏది తెరవాలి?

పాత మూలికా గ్రంథాలు, తొలినాటి తోటపని పుస్తకాలు చూడాలని ఉన్నవాళ్ళకు ఒకప్పుడు పుస్తకం దొరకడమే గగనం. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. 1500 నుంచి 1800 మధ్య అచ్చయిన ముఖ్యమైన పుస్తకాల్లో చాలావాటిని బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల పేజీ పేజీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. చిక్కంతా ఆ తర్వాతే. ఒక్కో పుస్తకం వందల పేజీలు, కొన్ని వెయ్యి కూడా దాటతాయి. పేరు విని ఒకటి తెరిస్తే అది లాటిన్‌లో ఉంటుంది. ఇంకొకటి ఇంగ్లిషే గానీ అక్షరాలు పోల్చుకోలేం. మూడోదాంట్లో బొమ్మలే ఉండవు. అక్కడితో ఆసక్తి చల్లారిపోతుంది.

ఇది చాలామంది విషయంలో జరగడం చూశాను. వాళ్ళకు ఓపిక లేక కాదు, తమకు సరిపడని పుస్తకంతో మొదలుపెట్టడం వల్లే అలా జరుగుతుంది. అందుకే పేరున్న పుస్తకాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తోచినట్టు చెబుతాను.

## ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: రాసినాయన ఆ మొక్కను స్వయంగా చూశాడా, ఎవరో రాసింది ఎత్తి రాశాడా?

దీనికి ఒక కారణం ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో డయోస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు సుమారు 600 మొక్కల గురించి రాశాడు. తర్వాత దాదాపు పదిహేను వందల ఏళ్ళు యూరప్‌లోనూ, అరబ్బు దేశాల్లోనూ ఆ పుస్తకమే ప్రమాణం. దాన్ని చూసి రాశారు, ఆ రాసిందాన్ని చూసి మళ్ళీ రాశారు. బొమ్మలను కూడా బొమ్మలు చూసే గీశారు. నకలు మీద నకలు తీసేకొద్దీ ఆకు ఆకారం మారిపోయింది, వేరు కనబడకుండా పోయింది. పైగా ఆయన చెప్పినవి మధ్యధరా తీరపు మొక్కలు. వాటిని జర్మనీ పొలాల్లో, ఇంగ్లండ్ గట్ల మీద వెతికి, దొరికినదానికి ఆ పేరు తగిలించినవాళ్ళు చాలామంది. కాబట్టి అచ్చయిన ప్రతి మూలికా గ్రంథంలోనూ రెండు పాళ్ళుంటాయి, చూసి రాసింది, విని రాసింది. ఏ పాలు ఎంతో తెలిస్తే ఆ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

రెండోది బొమ్మలు. అసలు ఉన్నాయా? ఉంటే చెక్కదిమ్మె మీద చెక్కినవా, రాగిరేకు మీద గీసినవా? ఆ పుస్తకం కోసమే వేయించినవా, ఇంకో పుస్తకం దిమ్మెలు తెచ్చి వాడుకున్నవా?

మూడోది భాష, అచ్చు. 1500ల ఇంగ్లిష్ పుస్తకాలు చాలావరకు నల్లటి ముద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ తర్వాతి వాటిలో కూడా పొడుగు ఎస్ అక్షరం అచ్చం ఎఫ్ లాగే కనిపిస్తుంది. స్పెల్లింగ్ ఒక్కో పేజీలో ఒక్కోలా ఉంటుంది. ఇరవై పేజీలు ఓపిక పడితే కన్ను అలవాటు పడుతుంది. లాటిన్ మాత్రం అలా అలవాటయ్యేది కాదు.

నాలుగోది మొక్కల పేర్లు. ప్రతి మొక్కకూ రెండు మాటల శాస్త్రీయ నామం స్థిరపడింది 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పుస్తకంతో. అంతకు ముందు పుస్తకాల్లో మొక్క పేరంటే ఒక చిన్న వర్ణన. ఒకే పేరుతో రెండు మొక్కలు, ఒకే మొక్కకు నాలుగు పేర్లు మామూలే. నేటి పేర్లతో సరిపోల్చిన వివరణ ఉన్న ఎడిషన్ దొరికితే సగం పని తగ్గుతుంది.

ఇక అయిదోది. ఇది ఎంపికకు సంబంధించిన విషయం కాదు, హెచ్చరిక. వీటిలో ఏ పుస్తకాన్నీ వైద్యానికి వాడకండి. కామ్‌ఫ్రీ అనే మొక్కను, కింద చెప్పబోయే ఇంగ్లిష్ రచయితలు జెరార్డ్, కల్పెపర్ ఇద్దరూ లోపలి గాయాలకు తాగమన్నారు. దాంట్లో ఉండే ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయని ఇప్పుడు తెలుసు. బర్త్‌వర్ట్ మొక్క డయోస్కోరిడీస్ కాలం నుంచి మందే, కానీ దాంట్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. వందల ఏళ్ళు వాడారు కదా, ఏమవుతుందిలే అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఏళ్ళ తర్వాత కనబడే నష్టాన్ని ఆ కాలపు వైద్యులు ఆ మొక్కతో ముడిపెట్టి చూడగలిగే వీల్లేదు.

## ఫుక్స్: చూడటానికి ఇంతకు మించింది లేదు

జర్మన్ వైద్యుడు లియొన్‌హార్ట్ ఫుక్స్ పుస్తకం 1542లో బాసెల్‌లో లాటిన్‌లో అచ్చయింది. మరుసటి ఏడే జర్మన్‌లో కూడా వచ్చింది. అయిదు వందలకు పైగా బొమ్మలు, చాలావరకు పేజీకి ఒక్క మొక్క, వేరు నుంచి పువ్వు దాకా. పుస్తకం చివర బొమ్మ గీసినాయన, దాన్ని దిమ్మె మీదికి ఎక్కించినాయన, దిమ్మె చెక్కినాయన, ముగ్గురి రూపాలూ పేర్లతో సహా వేశారు. పనివాళ్ళకు ఆ కాలంలో అంతటి గౌరవం దక్కడం చాలా అరుదు. ఆ పేజీ తప్పకుండా చూడండి.

ఫుక్స్ గొప్పతనం తెలియాలంటే అంతకు పన్నెండేళ్ళ ముందు, 1530లో, స్ట్రాస్‌బర్గ్‌లో వచ్చిన బ్రున్‌ఫెల్స్ పుస్తకాన్ని కూడా పక్కన తెరవాలి. దానికి హాన్స్ వైడిట్జ్ బొమ్మలు వేశాడు. ఆయన తన ముందున్న మొక్క ఎలా ఉంటే అలాగే గీశాడు. ఆకు వాడిపోయి ఉంటే వాడిన ఆకే, పురుగు కొట్టి ఉంటే ఆ చిల్లుతో సహా. ఒక మొక్కకు అచ్చమైన చిత్తరువు అది. ఫుక్స్ దారి వేరు. ఒక్క మొక్కను కాకుండా ఆ జాతి మొత్తాన్నీ చూపించాలని ఆయన పట్టుదల. అందుకని పూత, కాయ ఒకే కొమ్మకు వేయించాడు. లామియం అనే మొక్క బొమ్మలో అయితే తెల్లపూలు, పసుపుపూలు, ఊదాపూలు ఒకే మొక్కకు ఉంటాయి. అలాంటి మొక్క లోకంలో లేదు. అయినా ఆ ఒక్క బొమ్మ చూసి మూడు రకాలనూ పొలంలో గుర్తుపట్టవచ్చు. బొమ్మలో నీడలు ఎక్కువ వేస్తే మొక్క రూపం మరుగున పడుతుందని చిత్రకారులను కట్టడి కూడా చేశాడు. బొమ్మలు గీసేవాళ్ళు ఈ రెండు పుస్తకాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. మొక్కను చిత్రించడం గురించి నేర్చుకోవలసింది ఎంత ఉందో అర్థమవుతుంది.

లోపాలూ చెప్పాలి. బొమ్మలు చూసి వేసినవే అయినా వాటి పక్కనున్న వైద్య గుణాల భాగం ఎక్కువగా డయోస్కోరిడీస్, గాలెన్ అనే ప్రాచీన వైద్యుల నుంచి ఎత్తి రాసింది. కొత్త మొక్కల పుట్టిల్లు విషయంలో కూడా పొరబడ్డాడు. అమెరికా నుంచి వచ్చిన మిరపను చక్కగా బొమ్మ వేయించి, దానికి కాలికట్ మిరియం అని పేరు పెట్టాడు. మొక్కజొన్నేమో ఆయన లెక్కలో టర్కీ ధాన్యం. అప్పటికి ఆ మొక్కలు ఎంత త్వరగా, ఎన్ని చేతులు మారి యూరప్ చేరాయో ఈ పొరపాటే చెబుతుంది.

## జెరార్డ్: 1597దా, 1633దా?

ఇంగ్లిష్‌లో మూలికా గ్రంథం అనగానే ఎక్కువమంది చెప్పే పేరు జాన్ జెరార్డ్. ఇక్కడ అసలు ఎంపిక ఈ పుస్తకం చదవాలా వద్దా అన్నది కాదు, ఏ ముద్రణ చదవాలన్నది. రెండింటికీ చాలా తేడా ఉంది.

1597 నాటి మొదటి ముద్రణలో సుమారు 1,800 బొమ్మలున్నాయి. వాటిలో చాలా భాగం అంతకు ముందు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంకో పుస్తకానికి వాడిన దిమ్మెలతో వేసినవే. కొన్ని బొమ్మలు వేరే మొక్క దగ్గరికి చేరిపోయాయి. వ్యాసాలకు ఆధారం ఫ్లెమిష్ వైద్యుడు డోడోయెన్స్ పుస్తకం. కొత్తగా వేయించిన కొద్ది బొమ్మల్లో బంగాళదుంప ఒకటి, ఆ మొక్కకు అచ్చయిన తొలి బొమ్మ అదే. జెరార్డ్ తన చిత్రంలో కూడా బంగాళదుంప పూరెమ్మనే చేత్తో పట్టుకుని ఉంటాడు.

మరి ఎత్తి రాసిందాన్ని ఎందుకు చదవాలి? ఆయన వాక్యం కోసం. తన తోట గురించి, లండన్ చుట్టుపక్కల ఏ గట్టున ఏ మొక్క కనబడిందో రాసేటప్పుడు ఆ మాటల్లో ఉండే జీవం ఇంకెక్కడా చూడలేదు నేను. మాండ్రేక్ అనే మొక్క వేరు పీకితే అరుస్తుందన్న పాత కథను కొట్టిపారేశాడు. తానూ తన పనివాళ్ళూ ఎన్నో వేర్లు తవ్వామని, మళ్ళీ నాటామని, అలాంటిదేమీ చూడలేదని రాశాడు. అంత వివేకం ఉన్నవాడే పుస్తకం చివర చెట్టుకు కాసే గవ్వల్లోంచి బాతులు పుడతాయని రాసి, కళ్ళారా చూశానని కూడా అన్నాడు! కాబట్టి చూశానని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. ఏం చేశాడు, ఎలా చూశాడు అన్న వివరం ఉందా అని వెతకాలి. మాండ్రేక్ దగ్గర తవ్విన చేతులు కనిపిస్తాయి.

1633 ముద్రణను సరిదిద్ది పెంచింది థామస్ జాన్సన్ అనే మందుల దుకాణదారు. మొక్కలు 2,800 దాటాయి. బొమ్మలకు ఆంట్‌వెర్ప్‌లోని ప్లాంటిన్ ముద్రణాలయం దిమ్మెలు తెప్పించారు, ఇవి పాతవాటికంటే ఎంతో నాణ్యమైనవి. జాన్సన్ చేసిన గొప్ప పని ఇంకొకటుంది. తాను మార్చిన చోట్ల, కొత్తగా చేర్చిన చోట్ల కత్తి గుర్తులు పెట్టాడు. ఏ మాట ఎవరిదో పాఠకుడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. బాతుల చెట్టు దగ్గర, ఆ పక్షులు ఉత్తరాన గుడ్లు పెట్టి పొదగడం డచ్చి నావికులు చూశారని చేర్చాడు. కెంట్ ప్రాంతంలో పియొనీ అనే పూలమొక్క ఎవరూ నాటకుండా తనంతట తానే పెరుగుతున్నట్టు కనిపెట్టానని జెరార్డ్ రాసిన చోట, ఆయనే అక్కడ నాటి తర్వాత దొరికిందన్నాడని తాను విన్నట్టు నిర్మొహమాటంగా రాశాడు.

జాన్సన్ స్వయంగా చూసి రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది అరటి. 1633 వసంతంలో బెర్ముడా నుంచి వచ్చిన ఒక గెలను ఆయన తన దుకాణంలో వేలాడదీశాడు. కాయలు ఆకుపచ్చగా ఉన్నప్పటి నుంచి పండేదాకా గమనించాడు, బొమ్మ వేయించాడు. గుజ్జు మెత్తగా ఉందని, రుచి కాస్త ఖర్బూజలా ఉందని రాశాడు. మనం పుట్టినప్పటి నుంచీ తింటున్న పండును ఒక మనిషి జీవితంలో మొదటిసారి చూసి మాటల్లో పెట్టే ప్రయత్నం అది. చదువుతుంటే అరటిపండును కొత్తగా చూసినట్టుంటుంది.

కాబట్టి నా సలహా 1633దే. 1597 ముద్రణ పుస్తక చరిత్ర మీద పని చేసేవాళ్ళకు వదిలేయవచ్చు. 1633లోనూ ఒక ఇబ్బంది ఉంది. 1,600 పేజీలకు పైగా ఉన్న పుస్తకం అది. మొదటి నుంచి చివరికి చదివే పని పెట్టుకోకండి. మీకు తెలిసిన పది మొక్కలు విషయసూచికలో వెతికి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

## కల్పెపర్: చవక పుస్తకం, పెద్ద ప్రభావం

నికొలస్ కల్పెపర్ 1649లో లండన్ వైద్యుల లాటిన్ మందుల పట్టికను ఇంగ్లిష్‌లోకి దించి వాళ్ళ ఆగ్రహానికి గురయ్యాడు. 1652లో ఇంగ్లండ్‌లో పెరిగే మూలికల మీద తన పుస్తకం తెచ్చాడు. వెల మూడు పెన్నీలు. పేదవాడు తన గట్టు మీది మొక్కతో తన జబ్బు తగ్గించుకోవాలన్నది ఆయన పట్టు. ఆ తపన ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. ఈ పుస్తకం అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏదో ఒక రూపంలో అచ్చవుతూనే ఉంది.

అయితే మొదటి పుస్తకంగా దీన్ని నేను చెప్పను. మొదటి ముద్రణల్లో బొమ్మల్లేవు. ప్రతి మొక్కనూ ఒక గ్రహానికి అప్పగించి, ఆ లెక్కన గుణాలు చెబుతాడు. ఇంగ్లండ్‌లో అందరికీ తెలిసిన మొక్కైతే వర్ణించే పని లేదని దాటేస్తాడు, ఆ మొక్క ఎరగని మనకు అక్కడ దారి మూసుకుపోతుంది. ఇప్పుడు దొరికే ముద్రణల్లో కనిపించే రంగు బొమ్మలు తర్వాతివాళ్ళు చేర్చినవి. సామాన్యుడికి వైద్యం ఎలా చేరిందన్న చరిత్ర మీద ఆసక్తి ఉంటే మాత్రం ఇది చదవకుండా ముందుకు పోలేరు.

## తోట ఉన్నవాళ్ళకు పార్కిన్సన్

జాన్ పార్కిన్సన్ కూడా మందులవాడే, ఇంగ్లండ్ రాజు జేమ్స్ కొలువులో పని చేశాడు. కానీ 1629లో ఆయన తెచ్చిన పుస్తకం మందు గుణాలకంటే ముందు అందాన్ని చూసింది. పూలతోట, కూరల తోట, పండ్లతోట అని మూడు భాగాలు, సుమారు వెయ్యి మొక్కలు. ప్రతిదానికీ రూపం, చోటు, పూచే కాలం, పేర్లు, గుణాలు వరుసగా ఉంటాయి. ఈ అమరిక వల్ల ఏదైనా చటుక్కున వెతుక్కోవచ్చు. బొమ్మలు మాత్రం ఒకే పేజీలో అయిదారు మొక్కలు ఇరికించినట్టుంటాయి. అందం విషయంలో ఫుక్స్ దరిదాపులకు రావు.

ఈ పుస్తకం మీద నాకు ఎందుకింత అభిమానమంటే, పార్కిన్సన్ మట్టిలో చేతులు పెట్టిన మనిషి. లండన్‌లో లాంగ్ ఎకర్ అనే చోట ఆయనకు సొంత తోట ఉండేది. దుంప ఎప్పుడు తవ్వాలి, ఎప్పుడు నాటాలి, విత్తనం నుంచి పెంచితే ఏమవుతుంది అన్నవి చేసి చూసి రాశాడు. ఒక అధ్యాయంలో అయితే ఆ కాలపు పెద్ద నమ్మకాన్నే పట్టుకున్నాడు. రేకులు ఒంటి వరసలో పూసే పువ్వును ముద్దపువ్వుగా మార్చే ఉపాయాలు, విత్తనాన్ని రంగు నీళ్ళలో నానబెట్టి పువ్వు రంగు మార్చడం, సువాసన ఎక్కించడం, ఇవేవీ జరిగేవి కావని తేల్చేశాడు. అదే పుస్తకం ముఖపత్రం మీద మాత్రం కాండానికి గొర్రెపిల్ల కాసే కల్పిత మొక్క ఉంది. రెండింటినీ కలిపి చూస్తేనే ఆ కాలం మనకు సరిగ్గా తెలుస్తుంది.

1640లో ఆయన తెచ్చిన రెండో పుస్తకంలో 3,800 మొక్కలున్నాయి. అది వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ కూర్చుని చదివే పుస్తకం కాదు.

## చిన్న తోటపని పుస్తకాలు

పెద్ద పుస్తకాలంటే టెన్షన్ పడేవాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

థామస్ హిల్ పుస్తకం 1577లో, ఆయన పోయాక వచ్చింది. మడులు కట్టడం, కంచె వేయడం, తొట్టిలోంచి నీళ్ళు చిమ్మడం చూపించే బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. అప్పటి తోట కంటికి కనిపించాలంటే ఇదే మంచిది. మాటల్లో మాత్రం ఎక్కువ భాగం రోమన్ రచయితల నుంచి తెచ్చుకున్నదే. చంద్రకళలను బట్టి విత్తడం, విత్తనం నానబెట్టి రుచి మార్చడం లాంటివి అలాగే ఎక్కించేశాడు.

దానికి పూర్తిగా ఎదురు విలియం లాసన్. ఉత్తర ఇంగ్లండ్‌లో చర్చి పూజారి. 1618లో పండ్లతోటల మీద పుస్తకం రాస్తూ, ఇది ఏ పాత గ్రంథాన్నీ పట్టుకోకుండా తన అనుభవంతోనే రాశానని ముందుమాటలో చెప్పాడు. అంటు కట్టడం, కొమ్మలు కత్తిరించడం, వేళ్ళకు చోటు వదలడం గురించి ఆయన మాట ఇప్పటికీ వినదగ్గది. దాంతో కలిపి ఇల్లాళ్ళ తోట మీద ఒక చిన్న పుస్తకం కూడా అచ్చయింది, ఇంగ్లిష్‌లో ఆడవాళ్ళ కోసం వచ్చిన మొదటి తోటపని పుస్తకం అదే. ఈ మొత్తం జాబితాలో తక్కువ పేజీల్లో ఎక్కువ ఇచ్చేది నా దృష్టిలో లాసన్.

జాన్ ఈవ్లిన్ 1699లో పచ్చి ఆకుల సలాడ్ల మీద రాసిన పుస్తకం చదవడానికి హాయిగా ఉంటుంది. డెబ్భై పైచిలుకు ఆకులు, వాటి స్వభావం, ఏ నెలలో ఏది కోయాలో చెప్పే పట్టిక. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో మామూలు అక్షరాల్లో ఉంది కాబట్టి పాత అచ్చుతో కుస్తీ పట్టనక్కర్లేదు.

ఫిలిప్ మిల్లర్ తోటపని నిఘంటువు (1731) పనిమంతులైన తోటమాలులకే. కావాలంటే 1768 నాటి ఎనిమిదో ముద్రణ చూడండి, దాంట్లో లినేయస్ రెండు మాటల పేర్లు వచ్చాయి.

సురపాలుడి వృక్షాయుర్వేదాన్ని కూడా ఈ వరుసలోనే పెడతాను. సుమారు వెయ్యేళ్ళ నాటి సంస్కృత గ్రంథం. దీని ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. 1996లో నళిని సాధలే చేసిన ఇంగ్లిష్ అనువాదం వచ్చింది. మూడు వందల పైచిలుకు శ్లోకాలు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. నేల ఎంపిక, విత్తన శుద్ధి, కుణపజలం అనే ద్రవ ఎరువు తయారీ, వాత పిత్త కఫాల లెక్కన చెట్ల జబ్బులు అన్నీ ఉన్నాయి. పువ్వుల రంగు, వాసన మార్చే చిత్రమైన ప్రయోగాలకు ఒక భాగమే ఉంది. పార్కిన్సన్ కొట్టిపారేసినవీ, హిల్ నమ్మినవీ ఇలాంటివే. ఈ మూడూ పక్కన పెట్టుకుని ఆ ఒక్క విషయం చదివితే, తోటమాలి కోరిక ఏ దేశంలోనైనా ఒకేలా ఉందని తెలుస్తుంది.

## ఉష్ణదేశపు మొక్కలు కావాలంటే

పైన చెప్పిన యూరప్ పుస్తకాల్లో మనం పేరు వినని మొక్కలే ఎక్కువ. అందుకని మన కంటికి తెలిసిన మొక్కలు కావాలంటే వేరే అరలో వెతకాలి.

పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో గోవాలో పోర్చుగీసులో అచ్చు వేయించిన పుస్తకం ఇద్దరు వైద్యుల సంభాషణ. ఒకరు గ్రీకుల మాట పట్టుకుని అడుగుతుంటారు, ఓర్తా తాను చూసిందీ, స్థానిక వైద్యులు చెప్పిందీ జవాబుగా ఇస్తుంటాడు. బొమ్మల్లేవు. 1913 నాటి ఇంగ్లిష్ అనువాదం ఉంది.

డచ్చి అధికారి వాన్ రీడే తెచ్చిన మలబార్ మొక్కల గ్రంథం పన్నెండు సంపుటాలు, 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చింది. ఏడు వందలకు పైగా మొక్కలు, ఎనిమిది వందలకు దగ్గరగా రాగిరేకు బొమ్మలు. చాలా బొమ్మల మీద మొక్క పేరు మలయాళ, అరబ్బీ, నాగరి లిపుల్లో కూడా చెక్కి ఉంటుంది. ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడు తన కుటుంబ తాళపత్రాల జ్ఞానాన్ని ఇచ్చాడు, ఆ సంగతి ఆయన వాంగ్మూలంగా మొదటి సంపుటంలోనే అచ్చయింది. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు పేర్లు కూడా ఉన్నాయి. జ్ఞానం ఇచ్చినవాళ్ళ పేర్లు చెప్పిన ఆ నిజాయితీ అప్పటి వలస కాలపు పుస్తకాల్లో చాలా తక్కువ. మూలం లాటిన్ కాబట్టి స్కాన్‌లో బొమ్మలు చూడండి, చదవడానికి కె.ఎస్. మణిలాల్ 2003లో తెచ్చిన ఇంగ్లిష్ అనువాదం పట్టుకోండి. నేటి శాస్త్రీయ నామాలు దాంట్లో ఉన్నాయి.

విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం (1795–1820) నిజానికి మూలికా గ్రంథం కాదు, వృక్షశాస్త్రం. అయినా వదల్లేకపోతున్నాను. ఆయన సామర్లకోటలో ఉన్న రోజుల్లో స్థానిక చిత్రకారులు వేసిన బొమ్మలు దీనికి ఆధారం. మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. మొక్కల తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చాడు. గీసినవాళ్ళ పేర్లు మాత్రం పుస్తకంలో లేవు.

## ఒక్క చూపులో

| పుస్తకం | బొమ్మలు | చూసి రాసింది ఎంత | చదవడం |
|---|---|---|---|
| ఫుక్స్, 1542 | అద్భుతం | బొమ్మల్లో ఎక్కువ, మాటల్లో తక్కువ | లాటిన్, లేదా పాత జర్మన్ |
| జెరార్డ్–జాన్సన్, 1633 | చాలా ఉన్నాయి, చిన్నవి | మిశ్రమం, ఎవరి మాటో గుర్తులుంటాయి | పాత ఇంగ్లిష్, ఓపిక కావాలి |
| కల్పెపర్, 1652 | లేవు | కొంత | సులువు |
| పార్కిన్సన్, 1629 | ఇరుకైనవి | ఎక్కువ | పాత ఇంగ్లిష్, అమరిక బాగుంటుంది |
| హిల్, 1577 | తోట దృశ్యాలు | తక్కువ | నల్ల అక్షరాలు, కష్టం |
| లాసన్, 1618 | కొద్ది | దాదాపు అంతా | చిన్నది, సులువు |
| బ్లాక్‌వెల్, 1737–39 | 500, చేత్తో రంగులద్దినవి | బొమ్మల్లో ఎక్కువ | చాలా సులువు |
| వాన్ రీడే, 1678–93 | పెద్దవి, నిండైనవి | ఎక్కువ | అనువాదంలో సులువు |

పట్టికలో కొత్తగా కనిపించే ఎలిజబెత్ బ్లాక్‌వెల్ గురించి ఒక మాట. భర్త అప్పుల జైల్లో ఉంటే, ఆమె లండన్‌లోని చెల్సీ ఔషధ వనం పక్కన ఇల్లు తీసుకుని మొక్కలు చూసి గీసింది. రాగిరేకు మీద తానే చెక్కింది, రంగులు కూడా తానే అద్దింది. వారానికి నాలుగు బొమ్మల చొప్పున అమ్మి ఆయన్ని విడిపించింది. మాటలు చాలావరకు ఇంకో పుస్తకం నుంచి కుదించినవి. పిల్లలతో కలిసి చూడటానికి, రంగులు ఇష్టపడేవాళ్ళకు ముందు చూపించవలసింది ఇదే.

## మీరు ఎవరైతే ఏది

బొమ్మలు గీసేవాళ్ళకు ఫుక్స్, బ్రున్‌ఫెల్స్ జంట. భాష రాకపోయినా నష్టం లేదు. రంగు నేర్చుకోవాలంటే ఆ తర్వాత బ్లాక్‌వెల్.

తోట ఉన్నవాళ్ళు లాసన్‌తో మొదలుపెట్టి పార్కిన్సన్‌కు వెళ్ళండి. ఇక్కడ ఒక జాగ్రత్త. వాళ్ళు చెప్పే నెలలు చలిదేశపువి. నెల పేరు పక్కన పెట్టి, మొక్క ఏ దశలో ఉన్నప్పుడు ఆ పని చేయమన్నారో చూసి మీ వాతావరణానికి మార్చుకోవాలి.

చరిత్ర కోసం చదివేవాళ్ళకు జెరార్డ్–జాన్సన్ ఒక్కటే ఏడాది పాటు సరిపోతుంది. మూలికా వైద్యం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఓర్తా, వాన్ రీడే ఎక్కువ ఉపయోగం. కల్పెపర్ దగ్గరికే వెళ్ళాలనిపిస్తుంది గానీ, వైద్యులు తమలో తాము ఎలా వాదించుకున్నారో, ఒక మొక్క గురించి ఇద్దరు ఎందుకు విభేదించారో తెలిసేది ఆ రెండింటిలోనే.

## స్కానా, నకలు ముద్రణా, అసలు పుస్తకమా?

మొదట స్కాన్. ఒకే పుస్తకానికి వేర్వేరు లైబ్రరీల ప్రతులు దొరుకుతాయి, కనీసం రెండు తెరిచి చూడండి. కొన్నింటికి రంగులుంటాయి, కొన్నింటికి ఉండవు. ఆ రంగు అచ్చయినప్పుడే వేశారో, వందేళ్ళ తర్వాత ఎవరో సొంతదారు వేశాడో చెప్పడం కష్టం. అందుకని మొక్కను గుర్తుపట్టడానికి రంగును ఆధారం చేసుకోకండి. అంచుల్లో ఎవరో చేత్తో రాసుకున్న పాత గమనికలు ఉన్న ప్రతి దొరికితే దాన్ని వదలకండి.

చేతిలో పుస్తకం కావాలంటే నకలు ముద్రణలున్నాయి. జెరార్డ్ 1633 ముద్రణను డోవర్ సంస్థ 1975లో యథాతథంగా అచ్చు వేసింది. ఫుక్స్ జర్మన్ పుస్తకం రంగుల ప్రతిని టాషెన్ 2001లో తెచ్చింది. లాటిన్ పుస్తకం నకలుతో పాటు ఇంగ్లిష్ వ్యాఖ్యానం కావాలంటే 1999 నాటి స్టాన్‌ఫర్డ్ రెండు సంపుటాలు చూడాలి, ఫుక్స్ మీద గట్టిగా పని చేసేవాళ్ళకు అది లేకుండా కుదరదు. కొత్త ప్రతి దొరక్కపోతే పాత పుస్తకాల మార్కెట్లో వెతకండి. ఆర్డరు ఇచ్చాక ఒక్కో ప్రతి అచ్చేసి పంపే చవక ముద్రణల జోలికి మాత్రం వెళ్ళకండి. చాలావాటిలో బొమ్మలు నల్లగా అలుక్కుపోతాయి, మడత పేజీలు సగమే ఉంటాయి, కంప్యూటర్ చదివిన అక్షరాలు తప్పుల తడకగా ఉంటాయి. అంతకంటే ఉచిత స్కానే నయం.

అసలు పాత ప్రతి కొనేవాళ్ళు డబ్బు కట్టకముందు స్కాన్ పక్కన పెట్టుకుని పేజీ పేజీ సరిచూసుకోవాలి. ముఖపత్రం, చివరి విషయసూచిక, బొమ్మల పేజీలు ఎక్కువగా పోయే చోట్లు. ముఖపత్రం ఇంకో ప్రతి నుంచి తెచ్చి అతికించారా అన్నది కాగితం రంగు, పురుగు చిల్లుల వరస చూస్తే తెలుస్తుంది. చిల్లు ఒక పేజీలో ఉండి పక్క పేజీలో లేకపోతే అమ్మేవాళ్ళను అడగండి. ఫ్రేము కట్టడానికి విడిగా అమ్మే పేజీలను నేనైతే కొనను, మిమ్మల్నీ కొనొద్దనే అంటాను. ఆ ఒక్కో పేజీ కోసం ఒక పుస్తకాన్ని విప్పేసి ఉంటారు. బొమ్మ గోడకు కావాలంటే ఏదైనా పెద్ద లైబ్రరీ స్కాన్‌ను పూర్తి సైజులో దించుకుని మంచి కాగితం మీద ప్రింట్ తీయించుకోండి.